నిశ్చితార్థపు ఉంగరానికి సెట్టింగ్ ఎలా ఎంచుకోవాలి: చేయి చూడటం నుంచి బిల్లు దాకా

ముహూర్తాలు మొదలైతే చాలు, నా బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు ఫోన్‌లో ఒక ఫోటో చూపించి, "అన్నా, ఇదే మాదిరి కావాల" అంటారు. ఫోటోలో ఉంగరం బాగానే ఉంటుంది. దాన్ని తొడుక్కోబోయే చేయి రోజంతా ఏం పని చేస్తుందో మాత్రం ఫోటోలో కనిపించదు.

నేను ప్రొద్దుటూరులో రాళ్లు పొదిగే పని చేస్తాను. కొత్త ఉంగరాల పని ఎంత ఉంటుందో, రాయి ఊడిపోయిందని తెచ్చిన ఉంగరాల పని కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. అలా వచ్చినవాటిలో చాలాసార్లు రాయి మంచిదే, బంగారం మంచిదే. ఆ చేతికి ఆ సెట్టింగ్, అంటే రాయిని ఉంగరంలో పట్టి నిలిపే పద్ధతి, పనికిరానిది, అంతే.

అందుకే నేను అందరికీ ఒకటే వరస చెబుతాను. ముందు చేయి, తర్వాత రాయి, ఆ తర్వాత సెట్టింగ్, చివర లోహం. షాపులో ఇది తిరగబడుతుంది. మొదట మోడల్ నచ్చుతుంది, తర్వాత బడ్జెట్‌కు తగ్గ రాయి చూస్తారు, చేతి సంగతి సైజు దగ్గర మాత్రమే గుర్తొస్తుంది. కింద చెప్పినవి వరుసగా చేసుకుంటూ పోతే ఆ ఇబ్బంది రాదు.

1. తేదీ నుంచి వెనక్కి లెక్క వేసుకోండి

తయారుగా ఉన్న ఉంగరం కొని సైజు మార్చుకోవడానికి వారం చాలు. కొత్తగా చేయించాలంటే నాలుగు వారాలు చేతిలో పెట్టుకోండి. డిజైన్, మైనం అచ్చు, పోత, ఆకురాయితో రాకుడు, పొదగడం, పాలిష్, హాల్‌మార్క్, ఇవన్నీ ఒక్కరి చేతిలో జరిగేవి కావు. పెళ్లిళ్లు ఎక్కువగా ఉండే నెలల్లో ప్రతి చోటా పని నిలిచిపోతూ ఉంటుంది.

చివరి వారం ఖాళీగా ఉంచండి. ఉంగరం చేతికి వచ్చాక తొడిగి చూసి, బిగుతుగానో వదులుగానో ఉంటే సరిచేయించే వ్యవధి అదే. నిశ్చితార్థం ముందురోజు సాయంత్రం హడావిడిగా సైజు పెంచిన ఉంగరాల్లోనే రాళ్లు కదలడం నేను ఎక్కువగా చూశాను.

2. చేయి చూడండి

మన వైపు అమ్మాయి ఉంగరం అబ్బాయి వాళ్లు, అబ్బాయి ఉంగరం అమ్మాయి వాళ్లు కొంటారు. అంటే కొనేవాళ్లకు ఆ చేయి సంగతి తెలియదు. సైజు మాత్రం కనుక్కుని షాపుకు పోతారు. ఇంకో నాలుగు మాటలు కూడా అడగాలి. అబ్బాయి వదినో అక్కో ఫోన్ చేసి అడిగితే ఎవరికీ మొహమాటం ఉండదు.

ఇది నేను నష్టపడి నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక అమ్మాయికి ఎత్తుగా నాలుగు ప్రాంగులతో, అంటే రాయిని పట్టుకునే సన్నని బంగారు గోళ్లతో, వజ్రపు ఉంగరం పొదిగాను. చూడటానికి చాలా బాగా వచ్చింది. ఏం పని చేస్తావమ్మా అని నేను అడగలేదు. ఆమె స్టాఫ్ నర్సు. రోజుకు ఎన్నోసార్లు గ్లవ్స్ వేసి తీసే చేయి. మూడు నెలల్లో ఒక ప్రాంగ్ లేచిపోయింది, రాయి గ్లవ్స్‌తో పాటు చెత్తలోకి పోయింది. ఖాళీ ఉంగరం పట్టుకుని ఆ అమ్మాయి నా ముందు నిలబడిన రోజు నాకు ఇంకా బాధగానే ఉంది. అప్పటి నుంచి నా మొదటి ప్రశ్న పని గురించే.

అడగాల్సినవి:

- ఉద్యోగం ఏమిటి? గ్లవ్స్ వేసే పనా, కంప్యూటర్ ముందు కూర్చునే పనా, ల్యాబా, పొలమా?
- ఇంట్లో రొట్టెలు తట్టడం, సంగటి కెలకడం, బండ మీద బట్టలు ఉతకడం ఆమె చేతి మీదే నడుస్తాయా?
- ఉంగరం రోజూ పెట్టుకుంటుందా, ఫంక్షన్లకే తీస్తుందా?
- పట్టుచీరలు ఎక్కువగా కడుతుందా?
- ఇంట్లో చంటిపిల్లలు ఉన్నారా? ఎత్తైన ప్రాంగ్ పసిబిడ్డ చర్మాన్ని గీరుతుంది.
- ఏ చేతికి, ఏ వేలికి తొడుగుతారు? ఈ విషయంలో ఇంటింటికీ ఒక పద్ధతి ఉంటుంది.

జొన్నరొట్టె తట్టే చేతి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పిండి మెత్తగా వెళ్లి ప్రాంగుల సందుల్లో, రాయి కింద చేరుతుంది, ఎండి గట్టిపడుతుంది. దాన్ని పిన్నీసుతో గీకి తీస్తారు. ఆ గీకడంలోనే ప్రాంగ్ కొద్దిగా లేస్తుంది. ఒకసారి లేచిన ప్రాంగ్ ఆ తర్వాత తువ్వాలుకు, జుట్టుకు, చీర అంచుకు తగులుకుంటూనే ఉంటుంది.

వేళ్ల ఆకారం కూడా గమనించండి. పొట్టి వేళ్లకు నిలువుగా సాగిన రాయి, సన్నని కడ్డీ (వేలి చుట్టూ తిరిగే భాగం) నప్పుతాయి. పొడవైన సన్నని వేళ్లకు వెడల్పు ఉంగరం, గుండ్రని పెద్ద తల (రాయి కూర్చునే పై భాగం) బాగుంటాయి. కణుపు లావుగా ఉండి వేలి మొదలు సన్నగా ఉంటే ఉంగరం పక్కకు తిరిగిపోతుంది. అలాంటి వేలికి తల బరువుగా, ఎత్తుగా ఉండే ఉంగరం పెట్టొద్దు.

3. సైజు సరిగ్గా కొలవండి

దారంతో కొలవొద్దు. దారం సాగుతుంది. షాపులో ఉండే సైజు రింగుల గుత్తితో కొలిపించడమే మంచిది. అమ్మాయిని తీసుకురాలేకపోతే ఆమె అదే చేతికి, అదే వేలికి పెట్టుకునే ఉంగరం ఒకటి తెప్పించుకోండి.

ఇండియన్ సైజు లెక్క తేలిక. ఉంగరం లోపలి చుట్టుకొలత మిల్లీమీటర్లలో ఎంతో చూసి, అందులోంచి 40 తీసేయాలి. లోపలి వ్యాసం 16.5 మిల్లీమీటర్లు ఉంటే చుట్టుకొలత సుమారు 52, సైజు 12. వ్యాసం 17.2 ఉంటే చుట్టుకొలత 54, సైజు 14. ఆన్‌లైన్లో అమెరికా సైజు నంబర్లు కనిపిస్తాయి. రెండూ కలిపేసి గందరగోళపడొద్దు.

సాయంత్రం కొలవండి. పొద్దున్నే వేళ్లు సన్నగా ఉంటాయి, మధ్యాహ్నం ఎండకు ఉబ్బుతాయి. మన ఎండలకు ఈ తేడా బాగా తెలుస్తుంది. జనవరిలో కొలిచి మే నెలలో తొడిగితే బిగుసుకుపోయిన ఉంగరాలు ఎన్నో. కడ్డీ వెడల్పు 5 మిల్లీమీటర్లు దాటితే ఒక సైజు పెంచి చూసుకోండి.

4. రాయి ఏమిటో, ఏ ఆకారమో తేల్చుకోండి

రాయి తేలకుండా సెట్టింగ్ గురించి మాట్లాడుకోవడం వృథా. రెండు విషయాలు చూడాలి. ఒకటి గట్టిదనం, రెండోది మూలలు.

గట్టిదనానికి మోస్ స్కేల్ ఉంది. వజ్రం 10. కెంపు, నీలం 9. పచ్చ 7.5 నుంచి 8. ముత్యం, పగడం 5 కన్నా తక్కువే. గట్టిదనం అంటే గీత పడకపోవడం. దెబ్బకు పగలకపోవడం వేరు. వజ్రం గీత పడదు కానీ, అంచు మీద గట్టి దెబ్బ తగిలితే పెచ్చు లేస్తుంది. పచ్చలో సహజంగానే సన్నని చీలికలు ఉంటాయి కాబట్టి దానికి ఇంకా ఎక్కువ రక్షణ కావాలి. ముత్యం రోజూ పెట్టుకునే ఉంగరానికి పనికిరాదని నేను నేరుగానే చెబుతాను.

మూలల సంగతి: గుండ్రటి రాయికి, కోలగా ఉన్న రాయికి భయం లేదు. చదరంగా ఉండే ప్రిన్సెస్, నీటిబొట్టులా ఉండే పేర్, రెండు కొసలూ మొనదేలిన మార్కీజ్ కట్‌లకు మొనల దగ్గరే పెచ్చు లేస్తుంది. ఆ మొనలను కప్పే ‘వీ’ ఆకారపు ప్రాంగులు లేకుండా ఈ రాళ్లు తీసుకోవద్దు.

సైజు ఊహించుకోవడానికి ఒక లెక్క. క్యారెట్ అంటే 0.2 గ్రాములు, దాన్నే వంద సెంట్లు అంటాం. గుండ్రటి వజ్రం 25 సెంట్లయితే అడ్డం సుమారు 4.1 మిల్లీమీటర్లు, 50 సెంట్లయితే 5.1, క్యారెట్ అయితే 6.5. బరువు రెట్టింపు అయినా వెడల్పు రెట్టింపు కాదు. ఇది తెలిస్తే బడ్జెట్ విషయంలో టెన్షన్ సగం తగ్గుతుంది.

ల్యాబ్‌లో చేసిన వజ్రమైనా గట్టిదనం అదే, సెట్టింగ్ నియమాలూ అవే. కంటితో తేడా తెలియదు కాబట్టి సర్టిఫికెట్ మీద ఏం రాసి ఉందో చూడండి. సర్టిఫికెట్ నంబరును రాయి నడుము (రాయి అన్నిటికన్నా వెడల్పుగా ఉండే అంచు) మీద లేజర్‌తో చెక్కి ఉంటే, పొదగక ముందే భూతద్దంలో చూపించమనండి. కొన్ని సెట్టింగుల్లో నడుము మొత్తం బంగారంలోకి పోతుంది, ఆ తర్వాత నంబరు కనిపించదు.

ఇంకో మాట. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి, వజ్రకరూరు పొలాల్లో రాళ్ల కోసం జనం వెతకడం మనకు తెలిసిందే. అలా ఇంట్లోకి వచ్చిన పాత ముడిరాయి ఒకటి పొదిగిపెట్టమని అడిగేవాళ్లున్నారు. ముడిరాయిని ముందు నిజంగా వజ్రమేనా అని పరీక్ష చేయించాలి, తర్వాత సాన పట్టించాలి. సానలో బరువు చాలా పోతుంది. ఉంగరం తేదీ దగ్గర పెట్టుకుని ఆ పని మొదలుపెట్టొద్దు.

5. సెట్టింగులు ఒక్కొక్కటిగా

ప్రాంగ్ సెట్టింగ్. సన్నని బంగారు గోళ్లు నాలుగో ఆరో రాయి నడుమును పట్టుకుంటాయి. వెలుతురు అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి రాయి బాగా మెరుస్తుంది. శుభ్రం చేయడం, బాగుచేయడం తేలిక. లోపం ఏమిటంటే గోళ్లు అరుగుతాయి, లేస్తాయి. నాలుగింటిలో ఒకటి పోతే రాయి ఊడే ప్రమాదం ఎక్కువ. ఆరింటిలో ఒకటి పోయినా మిగతా ఐదూ నిలబెడతాయి. అర క్యారెట్ దాటిన గుండ్రటి రాయికి నేను ఆరే చెబుతాను. చిన్న రాయికి ఆరు గోళ్లు పెడితే రాయే కనిపించదు, అక్కడ నాలుగు చాలు.

ప్రాంగ్‌లో అసలు చూడాల్సింది ఎత్తు. ఉంగరం తొడిగి చేయి బల్ల మీద బోర్లా పెట్టి పక్క నుంచి చూడండి. రాయి వేలి మీద కూర్చున్నట్టు ఉండాలి, స్తంభం మీద నిలబెట్టినట్టు ఉండకూడదు. రాయి అడుగు మొన వేలికి తగలనంత ఎత్తు చాలు. అంతకన్నా ఎత్తు ఫోటోకే పనికొస్తుంది.

బెజెల్ సెట్టింగ్. రాయి చుట్టూ బంగారు గట్టు కట్టి, దాని అంచును రాయి మీదికి వాల్చేస్తాం. దేనికీ తగులుకోదు, నడుము మొత్తం రక్షణలో ఉంటుంది. పని ఎక్కువ చేసే చేతికి దీనికి మించింది లేదు. గట్టు కొంత వెలుతురును ఆపుతుందన్నది నిజం. అడుగు తెరిచి ఉంచితే ఆ తేడా చాలావరకు పోతుంది. గట్టు వల్ల రాయి కొంచెం పెద్దదిగా కూడా కనిపిస్తుంది. పాతకాలపు మోడల్ అని మొదట ఒప్పుకోనివాళ్లు తొడిగి చూశాక మనసు మార్చుకోవడం నేను చాలాసార్లు చూశాను. మధ్యేమార్గంగా హాఫ్ బెజెల్ ఉంది. రెండు పక్కల గట్టు, రెండు పక్కల ఖాళీ.

క్లోజ్ సెట్టింగ్. మన అమ్మమ్మల కమ్మల్లో, ముక్కుపుడకల్లో ఉండేది ఇదే. రాయి వెనక బంగారం మూసేసి ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు దీన్నే అడుగుతారు, వాళ్ల ఇష్టాన్ని నేను కాదనను. మూడు విషయాలు మాత్రం తెలుసుకుని చేయించండి. వెలుతురు పైనుంచి మాత్రమే వస్తుంది. లోపలికి నీళ్లు దిగితే రాయి మసకబారుతుంది, దాన్ని విప్పి మళ్లీ పొదగాలి. మూసేశాక రాయి అడుగు భాగం ఎవరూ చూడలేరు, కాబట్టి పొదగక ముందే విడిరాళ్లను తూకం వేసి చూపించమని అడగాలి. చేయి తరచూ నీళ్లలో ఉండే వాళ్ల ఉంగరానికి ఇది మంచిది కాదు. కమ్మలకు పరవాలేదు.

హేలో. మధ్య రాయి చుట్టూ చిన్న రాళ్ల వరుస. 25 సెంట్ల రాయి అర క్యారెట్‌లా కనిపిస్తుంది. కానీ ఆ చిన్న రాళ్లు ఒక్కొక్కటీ రవ్వంత బంగారంతో నిలిచినవి.

పేవ్. కడ్డీ మీద పరిచినట్టు చిన్న రాళ్లు. కడ్డీ మందం 1.5 మిల్లీమీటర్ల కన్నా తక్కువ ఉంటే తీసుకోవద్దు. కడ్డీ కాస్త వంగినా రాళ్లు రాలతాయి. సైజు మార్చడమూ కష్టమే.

చానెల్. రెండు బంగారు గోడల మధ్య రాళ్ల వరుస. తగులుకోదు, గట్టిది. పిండి, సబ్బు చేరితే శుభ్రం చేయడానికి ఓపిక కావాలి.

ఫ్లష్, దీన్నే జిప్సీ అని కూడా అంటారు. కడ్డీలోనే గుంట చేసి రాయిని దించేస్తాం. అబ్బాయి ఉంగరానికి నా మొదటి సలహా ఇదే. బైకు హ్యాండిలు, పొలం పని, దేనికైనా తట్టుకుంటుంది.

ఏడు రాళ్ల పువ్వు. ఏడు చిన్న రాళ్లు కలిసి ఒక పెద్ద రాయిలా కనిపిస్తాయి, ధర చాలా తగ్గుతుంది. ఒకదాన్నొకటి ఒరుసుకునేలా ఒత్తి పొదిగిన రకంలో ఒక రాయి కదిలితే మొత్తం విప్పాల్సి వస్తుంది. అందుకే రాయి రాయికీ విడి ప్రాంగులు ఉన్నది అడగండి.

టెన్షన్ సెట్టింగ్‌లో రెండు కొసల ఒత్తిడి మీద రాయి గాల్లో నిలిచినట్టు ఉంటుంది. దీనికి ప్రత్యేకమైన పనితనం కావాలి, తర్వాత సైజు మార్చడం దాదాపు కుదరదు. నేను వద్దనే అంటాను.

6. చేయి, రాయి కలిపి నిర్ణయం

- గ్లవ్స్ వేసే చేయి, రొట్టె తట్టే చేయి: బెజెల్, లేదా ఎత్తు తక్కువ ఉన్న హాఫ్ బెజెల్.
- ఆఫీసు పని, ఉంగరం రోజూ వేలికే ఉంటుంది: ఎత్తు తక్కువ ఉన్న ఆరు ప్రాంగులు.
- ఫంక్షన్లకే పెట్టుకునేది: హేలో, పేవ్, ఎత్తైన సాలిటేర్ (ఒంటిరాయి ఉంగరం), ఏదైనా ఇష్టం.
- పట్టుచీరలు ఎక్కువగా కట్టేవాళ్లు: ప్రాంగ్ కొసలు గుండ్రంగా రాకి ఉండాలి. ధర్మవరం చీర జరీకి ఒక్కసారి తగులుకుంటే పోగు లాగేస్తుంది.
- పచ్చ: బెజెల్ మాత్రమే. గట్టు వాల్చేటప్పుడు ఒత్తిడికి చీలే ప్రమాదం ఉంది కాబట్టి అనుభవం ఉన్న చేతికే ఇవ్వాలి.
- జాతకం చూసి పెట్టమన్న రాయి, వేలికి తగలాలి అన్నప్పుడు: అడుగు తెరిచిన బెజెల్.
- మొనలున్న వజ్రం: ‘వీ’ ప్రాంగులు, లేదా బెజెల్.

రెండు వర్గాల్లోకీ వచ్చే చేయి అయితే, ఎక్కువ గంటలు చేసే పనిని బట్టి నిర్ణయించండి.

7. లోహం

ఇక్కడ క్యారెట్ అంటే రాయి బరువు కాదు, బంగారం స్వచ్ఛత. 22 క్యారెట్లలో బంగారం 91.6 శాతం. మెత్తన. గట్టులాంటి బెజెల్‌కు, క్లోజ్ సెట్టింగ్‌కు సరిపోతుంది. సన్నని ప్రాంగులకు 18 క్యారెట్లు తీసుకోండి. అందులో బంగారం 75 శాతం, మిగతా లోహాలు కలవడం వల్ల గట్టిగా ఉంటుంది. "18 అంటే తక్కువ బంగారం కదా" అని ఇంట్లో పెద్దవాళ్లు బాధపడతారు. రాయి నిలవాలంటే ఆ గట్టిదనం కావాలని చెప్పండి, అర్థం చేసుకుంటారు.

వైట్ గోల్డ్ తెలుపు పైనున్న రోడియం పూతది. అది అరిగాక మళ్లీ పూయించాలి. ప్లాటినం తెలుపు అరిగినా పోదు. బరువు, ధర చూసుకోండి.

8. ఆర్డర్ ఇచ్చేటప్పుడు రాయించుకోండి

నోటిమాటతో వదిలేయొద్దు. ఆర్డర్ చీటీ మీద ఇవి ఉండాలి:

- రాయి రకం, ఆకారం, సెంట్లలో బరువు, సర్టిఫికెట్ నంబరు
- సెట్టింగ్ పేరు, ప్రాంగుల సంఖ్య, అడుగు తెరిచిందా మూసిందా
- వేలి పైనుంచి తల ఎత్తు, కడ్డీ వెడల్పు, మందం
- లోహం, క్యారెట్, సైజు
- తరుగు, మజూరీ ఎంత
- రాయి కదిలితే ఎన్నాళ్ల వరకు ఉచితంగా బిగిస్తారు
- సైజు ఎంతవరకు పెంచవచ్చు, తగ్గించవచ్చు

మైనం అచ్చు లేదా కంప్యూటర్ బొమ్మ చూపిస్తే పక్క నుంచి కనిపించే బొమ్మ అడగండి. అందరూ పైనుంచే చూసి ఒప్పుకుంటారు. ఎత్తు తెలిసేది పక్క నుంచే.

9. ఉంగరం చేతికి తీసుకునేటప్పుడు పరీక్ష

ఇక్కడ తొందరపడొద్దు. పదిహేను నిమిషాలు కూర్చోండి. షాపులో తెల్లటి లైట్లు రాయిని ఎప్పుడూ బాగానే చూపిస్తాయి కాబట్టి ఒకసారి గుమ్మం దాకా వచ్చి పగటి వెలుతురులో చూడండి. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం అడిగి తీసుకోండి. మంచి షాపువాళ్లు ఎవరూ కాదనరు.

మొదట చెవి. ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లగా తట్టండి. టిక్కుటిక్కుమని వినిపిస్తే రాయి కదులుతోంది.

తర్వాత పుల్ల. చెక్క టూత్‌పిక్‌తో రాయి పక్కను మెల్లగా నెట్టండి. జరగకూడదు, తిరగకూడదు.

ఆ తర్వాత గుడ్డ. పట్టుచీర కొంగుకు బదులు మెత్తని చున్నీ అంచును రాయి మీదుగా నాలుగు వైపులా లాగండి. ఎక్కడైనా పోగు పట్టుకుంటే ఆ ప్రాంగ్ కొసను మళ్లీ రాకాలి. ఇది అక్కడికక్కడే ఐదు నిమిషాల పని.

భూతద్దంలో చూడాల్సినవి:

- ప్రతి ప్రాంగ్ కొస రాయిని తాకుతూ పడుకుని ఉందా, సందు కనిపిస్తోందా
- ప్రాంగులన్నీ ఒకే మందంలో, సమానమైన దూరంలో ఉన్నాయా
- రాయి పై ముఖం సమంగా ఉందా, ఒక పక్కకు వాలిందా
- రాయి నడుము మీద కొత్తగా పెచ్చు లేచిందా
- బెజెల్ అయితే గట్టు చుట్టూ ఎక్కడా విరగకుండా, ఖాళీ లేకుండా కూర్చుందా
- పేవ్ అయితే రాళ్లన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా, ప్రతిదానికీ పట్టు ఉందా
- వెనక వైపు రంధ్రాలు శుభ్రంగా తెరిచి ఉన్నాయా

ఇప్పుడు హాల్‌మార్క్. ఉంగరం లోపల బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, స్వచ్ఛత అంకె, ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ (ఆ నగకు మాత్రమే ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉండాలి. 22 క్యారెట్లకు 916, 18 క్యారెట్లకు 750. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ హెచ్‌యూఐడీ ఉన్న హాల్‌మార్క్ నగలే అమ్మాలి. రెండు గ్రాముల లోపు వస్తువులకు, కుందన్, పోల్కీ, జడావు పనికి మినహాయింపు ఉంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరు అక్షరాంకెలు కొడితే వస్తువు రకం, స్వచ్ఛత వస్తాయి. ‘ఉంగరం’ అని, మీ క్యారెట్ అని వస్తోందో లేదో అక్కడే చూసుకోండి.

చివర తూకం. రాయి బరువు బంగారం ధరకు కలవకూడదు. మొత్తం ఉంగరం 4.200 గ్రాములు, వజ్రం 50 సెంట్లు అనుకోండి. 50 సెంట్లంటే 0.100 గ్రాము. బంగారం 4.100 గ్రాములకే కట్టాలి. బిల్లులో మొత్తం బరువు, నికర బరువు, రాయి బరువు విడివిడిగా రాయించుకోండి.

10. ఆ రోజు, ఆ తర్వాత

నలుగు పెట్టేటప్పుడు, గోరింటాకు పెట్టుకునేటప్పుడు ఉంగరం తీసేయండి. పసుపు, ఆకు రాయి కింద చేరితే తెల్లటి వజ్రం కూడా పచ్చగా కనిపిస్తుంది.

పెళ్లయ్యాక బిందెలో ఉంగరం వేసి తీసే ఆట ఉంటుంది కదా, దానికి రాయి ఉన్న ఉంగరం వేయొద్దు. ఇద్దరి గోళ్లూ, బిందె అడుగూ కలిసి ప్రాంగులను లేపేస్తాయి. ముందే ఒక సాదా ఉంగరం తీసి పక్కన పెట్టుకోమని అమ్మతో చెప్పండి. ఆట సరదా ఏమీ తగ్గదు.

రోజూ పెట్టుకునే ఉంగరం వారానికి ఒకసారి కడగండి. గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తని బ్రష్. సింకులో నేరుగా కడగొద్దు. మన బోరు నీళ్లకు తెల్లటి ఉప్పు పొర పడుతుంది కాబట్టి చివరికి తాగే నీళ్లతో కడిగి తుడవండి. టూత్‌పేస్ట్ వాడితే బంగారం గీతలు పడుతుంది. బ్లీచింగ్ అసలు తగలనివ్వొద్దు. పచ్చకు వేడినీళ్లు, షాపులోని అల్ట్రాసోనిక్ యంత్రం రెండూ పనికిరావు.

ఆరు నెలలకు ఒకసారి ప్రాంగులు చూపించండి.

11. తరచూ జరిగే తప్పులు, వాటికి మార్గం

ఉంగరం వదులైంది. దారం చుట్టడం తాత్కాలికమే, తడి నిలిచి వేలు ఒరుసుకుంటుంది. ఒకటి రెండు సైజులు తగ్గించాలంటే కడ్డీ కోసి అతికించవచ్చు. కొంచెమే వదులైతే లోపల రెండు చిన్న బంగారు బొట్లు పెట్టిస్తే తిరగకుండా నిలుస్తుంది.

సైజు మార్పుకు ఇస్తున్నారు. ఉంగరంలో పచ్చ, ముత్యం ఉంటే ముందే చెప్పండి. మంట తగలక ముందే ఆ రాయి తీసేయాలి. మార్చాక ప్రతి రాయి పట్టునూ మళ్లీ చూడాలి. చుట్టూ రాళ్లున్న ఎటర్నిటీ బ్యాండ్‌ను సైజు మార్చలేం, దాన్ని కొనేటప్పుడే కచ్చితమైన సైజు తీసుకోవాలి.

ఎత్తు ఎక్కువైందని ఇప్పుడు తెలిసింది. కంగారు వద్దు. కడ్డీ అలాగే ఉంచి తల ఒక్కటే తీసేసి తక్కువ ఎత్తున్న తల అతికించవచ్చు. అవసరమైతే అదే రాయికి బెజెల్ కూడా కట్టవచ్చు.

ప్రాంగ్ లేచింది. పంటితోనో పట్టకారుతోనో నొక్కొద్దు. రెండుసార్లు వంగిన బంగారం మూడోసారి విరుగుతుంది. ఉంగరం తీసి చిన్న డబ్బీలో పెట్టి పనివాళ్ల దగ్గరికి తీసుకురండి.

రాయి కదులుతోందని గమ్ పూశారు. దయచేసి ఆ పని చేయొద్దు. గమ్ గాడిలోకి దిగి గట్టిపడితే దాన్ని తీయడానికే రాయి మొత్తం విప్పాల్సి వస్తుంది.

రాయి పడిపోయింది. ముందు ఆ గదిలో ఊడవడం, కడగడం ఆపండి. లైట్లు ఆర్పి, ఫోన్ టార్చిని నేల మీద ఆనించినంత కిందికి పెట్టి అడ్డంగా వెలుతురు వేయండి. కడప బండల నేల అయితే సందుల వెంబడి చూడండి. రాయి మెరుపు అలా పక్క వెలుతురులోనే దొరుకుతుంది. సింకు కింద వంపు గొట్టం విప్పండి, వాషింగ్ మెషిన్ ఫిల్టర్ చూడండి, పిండి డబ్బా జల్లెడ పట్టండి. ఆ రోజు కట్టిన చీర కుచ్చిళ్లు విదిలించండి. దొరికాక రాయిని తడి దూదిలో చుట్టి ఉంగరంతో పాటే తెండి. రాయి ఎలా ఊడిందో ఖాళీ గాడి చూస్తే తెలుస్తుంది. ఏ ప్రాంగ్ అరిగిందో చూశాకే, పాత సెట్టింగ్‌లోనే మళ్లీ పెట్టాలా, మార్చాలా అన్నది మాట్లాడుకోవచ్చు.